మేము రెండు కొమ్ములం

మేము సావోలా అనే అడవి జంతువు తల మీద పెరిగిన జత కొమ్ములం. నున్నగా, దాదాపు నిటారుగా, మూరెడు పొడవుంటాం. వియత్నాంలో లావోస్ సరిహద్దును ఆనుకుని వు క్వాంగ్ అడవి ఉంది. దాని అంచున ఒక వేటగాడి ఇంట్లో పొయ్యి పొగకు నల్లబడుతూ గోడకు వేలాడేవాళ్లం. ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్లెవరూ మమ్మల్ని వింతగా చూసింది లేదు. మా జంతువు ఏ వాగుల వెంట తిరుగుతుందో, ఏ ఆకులు మేస్తుందో ఆ ఊరివాళ్లకు తెలుసు.

1992 మే నెలలో ప్రభుత్వ అడవుల శాఖ, వన్యప్రాణి సంరక్షణ సంస్థ డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. కలిసి పంపిన సర్వే బృందం వచ్చింది. వాళ్లలో ఒకాయన మమ్మల్ని గోడ మీంచి దింపి, మసి తుడిచి, వెలుతురులోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇవి ఏ జంతువువని అడిగితే ఇంటాయన తడుముకోకుండా చెప్పాడు. అలా కొమ్ములు, పుర్రెలు, తోళ్లు పోగయ్యాయి. మరుసటేడు వు వాన్ జుంగ్, డో తువోక్, జాన్ మెకిన్నన్ తదితరులు 'నేచర్' పత్రికలో సావోలాను కొత్త జంతువుగా ప్రకటించారు. కొమ్ముల తీరు చూసి ఒరిక్స్ జింకను తలపించే శాస్త్రీయ నామం పెట్టారు గానీ, ఇది ఆవులకూ గేదెలకూ దగ్గరి చుట్టమని తర్వాత డీఎన్ఏ తేల్చింది.

అప్పటినుంచి పత్రికలు మా సావోలాను 'ఆసియా యూనికార్న్', అంటే ఆసియా ఒంటికొమ్ము మృగం, అంటున్నాయి. పక్కనుంచి చూస్తే మేమిద్దరం ఒకరి చాటున ఒకరం పడి ఒకే కొమ్ములా కనిపిస్తాం, నిజమే. కానీ ఆ పేరుతో మా సావోలా పురాణాల్లోని మృగాల జాబితాలో చేరిపోయింది. ఎనభై, తొంభై కిలోల బరువుండి, ముఖాన తెల్లచారలతో, ఆకులు మేసే ప్రాణి అది. దాన్ని 'ఎవరికీ తెలియని జంతువు' అని రాసిన ప్రతిసారీ మమ్మల్ని దాచిన ఇంటాయన ఆ కథలోంచి మాయమవుతాడు. మాకు అన్నిటికన్నా బాధ అదే.

సావోలాను వెతకడమంటే టార్చిలైటు పట్టుకుని అడవిలో పరుగెత్తడం కాదు. అడవిలో సావోలాను కళ్లారా చూసిన జీవశాస్త్రవేత్త ఇప్పటికీ లేడు. వెతికేవాళ్లు చెట్లకు కెమెరాలు కడతారు, ఊరి పెద్దల మాట వింటారు, జలగలను పట్టి వాటి కడుపులోని రక్తంలో డీఎన్ఏ వెతుకుతారు. 2025లో 26 సావోలాల జన్యుక్రమాలు వెలువడ్డాయి. వాటికి ఆధారం మాలాగే వేటగాళ్ల ఇళ్లలో మిగిలిన అవశేషాలే. ఇందులో కావలసినంత కథ ఉంది, కల్పన కలపనక్కర్లేదు.

పత్రికలు చెప్పకుండా వదిలేస్తున్నది ఇంకొకటుంది: ఉచ్చు. సైకిల్ బ్రేకు తీగలాంటి సన్నని లోహపు తీగతో కట్టే ఉచ్చు అడవిపందికీ సావోలాకూ తేడా చూడదు. మధ్య వియత్నాంలోని రెండు సావోలా అభయారణ్యాల్లోనే గస్తీ బృందాలు లక్షకు పైగా ఉచ్చులు పీకేశాయి. మా గురించి రాసేవాళ్లారా, రెండు కొమ్ములని రాయండి, ఊరివాళ్ల మాట రాయండి, మా బొమ్మ పక్కన ఉచ్చు బొమ్మ కూడా వేయండి. అడవిలో సావోలా చివరిసారిగా కెమెరాకు చిక్కింది 2013 సెప్టెంబరులో.