నేను ఖాళీగానే ఉన్నా

జూలై ఆఖర్లో, ఎండ మాడు పగలగొట్టే రోజుల్లో, అమెరికాలో ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్లూ శిక్షణ శిబిరాలు తెరుస్తాయి. జట్టుకి 90 మంది చొప్పున దిగుతారు. ఆగస్టు వెళ్లేసరికి 53 మంది మిగలాలి. ఈ 90 మందిలో రకరకాల మనుషులుంటారుగానీ, చూసి తీరాల్సినవాడు మాత్రం ఒక్కడే. కుర్ర వైడ్ రిసీవర్. పరిగెత్తుకెళ్లి, క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతి పట్టుకోవడం అతని ఉద్యోగం. విసరడం, విసరకపోవడం అవతలివాడి దయ. అతని కష్టాలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

జట్టులో మొదటి ఇద్దరు రిసీవర్లు ఎవరో అందరికీ తెలుసు. వాళ్లు కోట్ల డాలర్లకి సంతకాలు పెట్టేసినవాళ్లు. శిబిరంలో వాళ్ల ముఖ్యమైన పని కాలు బెణక్కుండా చూసుకోవడం. ఇప్పటి ఆటలో ముగ్గురు రిసీవర్లతో దిగడం మామూలైపోయింది కాబట్టి మూడోవాడూ స్టార్టరే, అంటే ఆట మొదలెట్టేవాళ్లలో ఒకడే. ఆ మూడో చోటు కోసం ఎనిమిదిమందో పదిమందో కొట్టుకుంటారు. అందులో మనవాడొకడు.

మనవాడు మైదానంలోకి రావడమే ఒక ఉత్సవం. చేతులకి కొత్త గ్లవ్స్, మణికట్లకి టేపు, ఒక మేజోడు పైకీ ఒకటి కిందకీ, హెల్మెట్‌కి నల్లద్దం. ఒంటిమీద అతనికి నచ్చనిది చొక్కామీది నంబరొక్కటే. 2021లో నిబంధన మార్చి రిసీవర్లు ఒంటి అంకె కూడా వేసుకోవచ్చన్నారు. ఆ అంకెలన్నీ పెద్దవాళ్లు పంచుకున్నాక ఇతనికి ఏ 86నో అంటగట్టారు. శిబిరంలో మనుషులెక్కువ, నంబర్లు తక్కువ. అదే 86ని డిఫెన్స్‌లో ఇంకో కుర్రాడికీ ఇచ్చారు. అభిమానులు ఆటోగ్రాఫ్ కోసం కేకేస్తే ఇద్దరూ వెనక్కి తిరుగుతారు.

అతనికి ప్లేబుక్, అంటే జట్టు ఎత్తుల పుస్తకం, ఇంకా పూర్తిగా రాలేదు. వచ్చిందల్లా గో రూట్, అంటే తిన్నగా పరిగెత్తడం. కానీ పురాణం మాత్రం కంఠతా వచ్చు. అడగండి, చెప్తాడు. అమోన్‌రా సెయింట్ బ్రౌన్‌ని 2021 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే చోట, 112వ వాడిగా తీసుకున్నారు, తనకంటే ముందు వెళ్లిన 16 మంది రిసీవర్ల పేర్లూ అతను ఈనాటికీ గడగడా అప్పజెప్తాడు. పుకా నకువా 177వ వాడు. 2023లో మొదటి ఏడాదే 105 క్యాచ్‌లు, 1,486 గజాలు. ఆంటోనియో బ్రౌన్ 195. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి వచ్చిన జూలియన్ ఎడెల్మన్ 232. ఇక విక్టర్ క్రూజ్‌నైతే ఎవరూ డ్రాఫ్ట్ చెయ్యనే లేదు, 2010 ఆగస్టులో జెట్స్ జట్టుమీద ఒక్క సన్నాహక ఆటలో మూడు టచ్‌డౌన్లు కొట్టి శిబిరం దాటేశాడు. ఈ పారాయణంలో జాన్ రాస్ అధ్యాయం ఉండదు. ఆయన 2017లో 40 గజాలు 4.22 సెకన్లలో పరిగెత్తి, డ్రాఫ్ట్‌లో తొమ్మిదో వాడిగా వెళ్లి, మొదటి ఏడాది ఒక్క క్యాచ్ కూడా పట్టలేదు. మనవాడికీ వేగమే ఆస్తి. అందుకే ఆ పేరెత్తితే దాహం వేస్తుంది, నీళ్లకోసం వెళ్లిపోతాడు.

సాధన ముగిశాక జగ్స్ యంత్రం దగ్గర నిలబడతాడు. రెండు చక్రాలు గిర్రున తిరిగి వాటి మధ్యనుంచి బంతిని ఉమ్మే యంత్రం అది. సెయింట్ బ్రౌన్ రోజూ 202 బంతులు పడతాడని విన్నాడు కాబట్టి మనవాడు 203 పడతానని పంతం పట్టాడు. టీవీ కెమెరాలు సర్దుకుని వెళ్లిపోయాక లెక్క కాస్త వదులవుతుందని గిట్టనివాళ్లు అంటారు. నాకైతే ఆ యంత్రంమీద అతని ప్రేమ అర్థమవుతుంది. ఈ భూమ్మీద ఇంకెవరి వంకా చూడకుండా అతనికే బంతి వేసే క్వార్టర్‌బ్యాక్ అదొక్కటే.

ఉదయం పూట ఒకరితో ఒకరికి పోటీ పెడతారు. ఒక రిసీవర్, అతన్ని కాపు కాసే ఒక కార్నర్‌బ్యాక్, మధ్యలో బోలెడు మైదానం, క్వార్టర్‌బ్యాక్ మీదకి ఉరికేవాడెవడూ లేడు. నిజానికి ఇది రిసీవర్ గెలవడానికే పెట్టిన ఆట. మనవాడు ఎడమకి వెళ్తున్నట్టు నమ్మించి కుడికి తిరిగి, ఒంటి చేత్తో బంతి పట్టి, కింద పడ్డ కార్నర్‌బ్యాక్‌ని ఒక చూపు చూసి నడిచొస్తాడు. ఆ తొమ్మిది సెకన్ల వీడియో మధ్యాహ్నానికల్లా దేశమంతా తిరుగుతుంది. డాలస్ కౌబాయ్స్ కొలువు ఫ్రిస్కోలో ఉంది, ఆ ఊళ్లో మన తెలుగువాళ్లకి కొదవ లేదు. నిజం ఆటగాళ్లతో ఊహాజట్లు కట్టే ఫాంటసీ లీగ్ ఆడే అక్కడి సాఫ్ట్‌వేర్ తమ్ముళ్లు ఆ వీడియో చూసి, 'అన్నా, ఈసారి వీడు పేలతాడు' అని ఆఫీసు మీటింగులోనే అతన్ని తమ జట్టులో రాసేసుకుంటారు.

మధ్యాహ్నం పదకొండుమందికి పదకొండుమంది దిగుతారు. అక్కడ క్వార్టర్‌బ్యాక్ మొదట మొదటివాణ్ని చూస్తాడు, తర్వాత రెండోవాణ్ని, తర్వాత బంతి పట్టగల ఇంకో ఆటగాడు టైట్ ఎండ్‌ని. నాలుగో చూపు మనవాడిది. అంతవరకూ రావడానికి మూడు సెకన్లు పడుతుంది, ఆపాటికి క్వార్టర్‌బ్యాక్ మీదకి ఎవడో ఒకడు వచ్చిపడతాడు. అవతలి చివర్లో మనవాడు రెండు చేతులూ ఆకాశానికెత్తి నిలబడి ఉంటాడు. తిరిగొస్తూ దారిలో కనిపించిన ప్రతివాడికీ, నీళ్లందించే కుర్రాడితో సహా, ఒకటే మాట: "నేను ఖాళీగానే ఉన్నా!"

సాయంత్రం వీడియో వేసి చూస్తే భుజాలమీద ఇద్దరు కార్నర్‌బ్యాకులు కూర్చున్నంత దగ్గరగా ఉంటారు.

"ఇదేనా బాబూ ఖాళీ?" అంటాడు కోచ్.

"నాకు ఇది ఖాళీయే కోచ్."

ఎప్పుడో దేవుడు కరుణించి బంతి నిజంగానే వస్తుంది, వచ్చి చేతుల్లోంచి జారిపోతుంది. అప్పుడు మనవాడు మొదట గ్లవ్స్ వంక చూస్తాడు. తర్వాత సూర్యుడి వంక. బంతి జారకుండా చేతులకి జిగురు మందు పూసుకోవడం 1981లోనే నిషేధించారు. ఇప్పటి గ్లవ్సే అంతకంటే జిగురుగా ఉంటాయంటారు. అయినా అతను ఆ జత విప్పి అవతల పారేసి కొత్తది తొడుక్కుంటాడు. తప్పెవరిదో తేలిపోయినట్టే.

అసలు మూడో చోటు దక్కకపోయినా ఐదో, ఆరో రిసీవర్‌గా మిగలాలంటే కావలసింది క్యాచ్‌లు కావు. పంట్ కొట్టినప్పుడు, అంటే బంతిని కాలితో దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలేసినప్పుడు, గన్నర్‌గా అంచు వెంబడి ఉరికి, ఇద్దరు మనుషుల్ని తోసుకుంటూ వెళ్లి అవతల బంతి పట్టినవాణ్ని పడగొట్టాలి. ఈ సంగతి కోచ్ రోజూ చెప్తాడు. మనవాడు తలూపుతాడు. మనసులో మాత్రం, ఐఏఎస్ ఇంటర్వ్యూకి వచ్చినవాణ్ని కుర్చీలు సర్దమన్నట్టు ఉంటుంది. అతని పక్కనే ఒక కుర్రాడున్నాడు. పేరు ఎవరికీ గుర్తుండదు, వీడియోల్లో కనపడడు, మేజోళ్లు రెండూ సమానంగా ఉంటాయి. ప్రతి పంట్‌కీ మొదట దిగేది వాడే. రన్నింగ్ ప్లే వస్తే ఎదుటివాడికి అడ్డంపడి కదలనివ్వనిదీ వాడే. మనవాడు వాణ్ని పోటీ కింద లెక్కెయ్యలేదు.

ఆచారాలు కూడా పాటించాలి. సీనియర్ల షోల్డర్ ప్యాడ్లు కుర్రాళ్లు మొయ్యడం ఆనవాయితీ. 2010లో కౌబాయ్స్ కుర్ర రిసీవర్ డెజ్ బ్రయంట్ నేను మొయ్యనన్నాడు. తర్వాత జట్టు భోజనానికి వెళ్లి అతనిచేత దాదాపు 55 వేల డాలర్ల బిల్లు కట్టించింది. బ్రయంట్ మొదటి రౌండు ఆటగాడు, కట్టగలడు. మనవాడు నోరెత్తకుండా రెండు జతలు మోస్తాడు. గ్రీన్‌బే జట్టు శిబిరంలోనైతే ఇంకో ముచ్చట. ఆటగాళ్లు మైదానానికి పిల్లల సైకిళ్లమీద వెళ్తారు, హెల్మెట్ ఆ పిల్లాడు మోస్తాడు. మోకాళ్లు గడ్డానికి కొట్టుకుంటూ ఆరడుగుల రిసీవర్ తొక్కుతుంటే పక్కన పరిగెత్తే పిల్లాడు, "నువ్వు స్టార్టరువా?" అంటాడు. అలాంటి ప్రశ్న కోచ్ కూడా అంత సూటిగా అడగడు.

ఆగస్టు చివర్లో పొద్దున్నే ఒకాయన లాకర్ల దగ్గరికొస్తాడు. జట్టులోంచి తీసేస్తున్నవాళ్లని పిలవడం ఆయన పని, పాతకాలం నుంచీ ఆయన్ని టర్క్ అంటారు. "కోచ్ రమ్మంటున్నారు, ప్లేబుక్ తీసుకురా" అన్నది ఆయన నోట తరాలుగా వచ్చే మాట. ఇప్పుడు ప్లేబుక్ స్థానంలో టాబ్లెట్ వచ్చింది, అంతే తేడా. మనవాడు స్టార్టర్ ప్రకటనకే పిలిచారనుకుని జుట్టు సర్దుకుని వెళ్లాడు. తీసేశారు. అలా తీసేసినవాణ్ని మిగతా 31 జట్లకీ కావలిస్తే తీసుకోవడానికి ఒక రోజు గడువుంటుంది. ఎవరూ తీసుకోలేదు. మర్నాడు ఏజెంటు ఫోన్ చేసి, ఏం చేస్తున్నావని అడిగాడు.

"ఖాళీగానే ఉన్నా," అన్నాడు మనవాడు. ఈసారి కాదన్నవాడెవడూ లేడు.

మేజోళ్లు సమానంగా వేసుకున్న కుర్రాడు 53 మందిలో ఉన్నాడు. మనవాణ్ని అదే జట్టు ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి వెనక్కి పిలిచింది. అక్కడి ఉద్యోగం, ఆదివారం రాబోయే ప్రత్యర్థి జట్టు రిసీవర్‌లా వారమంతా నటించడం. బుధవారం అతనికి ఒంటి అంకె చొక్కా ఇచ్చారు, ఎవరో మహానుభావుడి నంబరు. మొదటి ఆటలోనే మనవాడు కార్నర్‌బ్యాక్‌ని బోల్తా కొట్టించి, 40 గజాలు పరిగెత్తి, గోల్ గీత దాటి, చిన్న నాట్యం కూడా చేశాడు. వెనకనుంచి కోచ్ ఆట గీసిన కార్డు ఊపుతూ కేకేస్తున్నాడు: "నాయనా, ఇందులో నువ్వు ఐదు గజాలకి ఆగాలి. మళ్లీ రా."