కాలిబాట శాసనం: టీకా తాత్పర్య సహితం

మూలం: “ఈ కాలిబాట పాదచారుల సౌకర్యార్థము యాజమాన్యముచే అంతర్జాతీయ ప్రమాణములతో నిర్మింపబడినది. ఇచ్చట మా కస్టమర్ల వాహనములు మాత్రమే నిలుపవలెను.”

అవతారిక: తెలుగు నగరాలలో వాణిజ్య సముదాయం ఒకటి లేవగానే దాని ముఖద్వారం పక్కన నల్ల గ్రానైటు పలక వెలవడం, దానిపై బంగారు రంగు అక్షరాలలో యాజమాన్యపు ఔదార్యం చెక్కించడం కొంతకాలంగా ఆచారమై కూర్చున్నది. పూర్వం చెరువు తవ్వించినవారు శాసనం వేయించేవారు; ఇప్పుడు దుకాణం ముందు నాలుగు బస్తాల సిమెంటు కలిపించినవారూ శాసనకర్తలే. పైన ఉదాహరించిన మూలం ఏ ఒక్క భవనానికో చెందినది కాదు. అటువంటి పలకలన్నిటి సారాన్ని రెండు వాక్యాలలో ఇమిడ్చిన ప్రతినిధి పాఠం. మూలంలో లేనిదీ, అవసరం లేనిదీ రాయనని కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసి మహాకావ్యాలకు వ్యాఖ్యలు రచించాడు. ఆ ప్రతిజ్ఞలోని రెండవ సగం ప్రస్తుత వ్యాఖ్యకు వర్తించదని పాఠకులు మొదటే గ్రహించడం మేలు.

శాస్త్రగ్రంథానికి ముందు అనుబంధ చతుష్టయాన్ని, అంటే విషయ ప్రయోజన సంబంధ అధికారులనే నాలుగింటిని, చెప్పడం సంప్రదాయం. ఇక్కడ విషయం కాంక్రీటు పలక, దాని అంచున పాతిన కర్బు. కర్బు అంటే రోడ్డుకూ కాలిబాటకూ నడుమ సరిహద్దుగా నిలిపే కాంక్రీటు దిమ్మె. ప్రయోజనం నడక. ఆ పలక వల్ల ఆ నడక సాగాలన్నది సంబంధం. ఫలం పొందడానికి అర్హుడైన అధికారి నడిచేవాడు. నాలుగింటిలో మొదటిది మాత్రమే నిర్మాణానంతరం ఆ స్థలంలో లభిస్తుంది. మిగిలిన మూడింటిని రోడ్డు మీద, బస్సులకూ ఆటోలకూ మధ్య వెతుక్కోవాలి.

ప్రతిపదార్థం.

“ఈ”: చిన్న మాట అని దాటిపోదగినది కాదు, శాసనమంతా దీనిమీదే నిలిచింది. కాలిబాట కూడలి నుంచి కూడలి వరకు ఒకే మట్టంలో సాగవలసిన వస్తువు. అది పురపాలక సంస్థ స్థలం. భవన యజమాని వదలవలసిన ఖాళీ తన సరిహద్దు లోపలిది. అయినా ప్రతి యజమానీ తన షట్టర్ల ముందున్న మేరకు “ఈ” అని వేలు చూపి, తనకు నచ్చిన ఎత్తులో, తనకు నచ్చిన రాయితో దానిని వేరు చేసుకుంటాడు. బట్టల దుకాణం ముందు నున్నని గ్రానైటు, మందుల దుకాణం ముందు రంగురంగుల పేవర్ బ్లాకులు, బ్యాంకు ముందు అడుగు ఎత్తు మెట్టు, ఆ పక్క ఖాళీ స్థలం ముందు గొయ్యి. ఇలా వంద అడుగుల దూరంలో అనేక “ఈ”లు ఎక్కి దిగవలసి వచ్చిన వృద్ధురాలు రెండవ “ఈ” దగ్గరే రోడ్డెక్కుతుంది. ఆమె నడవడం చేతకాక కాదు, నడవడం తెలిసినది కాబట్టి.

“కాలిబాట”: 1934లో ఏర్పడిన భారత రోడ్డు కాంగ్రెస్ పాదచారుల వసతుల కోసం ఐఆర్‌సీ 103 అనే మార్గదర్శకాలను వెలువరించింది. వాటి 2012 నాటి కూర్పు ప్రకారం అడ్డంకి లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, వ్యాపార ప్రాంతాలలో ఇంకా ఎక్కువ. అదే కూర్పు కాలిబాటను మూడు పట్టీలుగా విభజిస్తుంది: దుకాణం గోడను ఆనుకొని అద్దాలు చూసేవారు నిలిచే పట్టీ, నడుమ నడక పట్టీ, రోడ్డువైపు చెట్లకూ స్తంభాలకూ బల్లలకూ విడిచిన పట్టీ. ఆచరణలో మొదటిది దుకాణపు మెట్లకూ, మూడవది ట్రాన్స్‌ఫార్మరుకూ దక్కగా, నడుమది జనరేటరుకు మిగులుతుంది.

“పాదచారుల”: అర్థం సుగమం. కనిపించినప్పుడు వివరించవచ్చు.

“సౌకర్యార్థము”: సౌకర్యానికి కొలత ఉన్నది. కర్బు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదని పై మార్గదర్శకాలు అంటాయి. తగ్గితే చక్రం ఎక్కుతుంది, పెరిగితే మోకాలు ఎక్కదు. చక్రాల కుర్చీ కోసం వాలు కట్టేటప్పుడు ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు కావాలి. కాబట్టి 150 మిల్లీమీటర్ల కర్బుకు 1.8 మీటర్ల వాలు అవసరం. ఈ లెక్క వేయడానికి ఇంజినీరు అక్కరలేదు, అయిదవ తరగతి చాలు. అయినా కారును లోపలికి ఎక్కించే ర్యాంపు మాత్రం కాలిబాటను అడ్డంగా కోసి, రోడ్డులోకి నాలుక చాచి, ఎంతో శ్రద్ధగా కట్టబడి ఉంటుంది. వాహనం వచ్చే చోట కాలిబాట దిగిపోకుండా, వాహనమే కాలిబాట మట్టానికి ఎక్కి దాటేలా కట్టవచ్చునన్న పాఠాంతరం ఉన్నది గాని దానిని ఈ వ్రాతప్రతులు ఎరగవు. కర్బు దిమ్మెలకు నలుపు తెలుపు రంగులు మార్చి మార్చి వేయడంలో గురులఘు నియమం చక్కగా పాటించబడింది. ర్యాంపు ర్యాంపుకూ ఛందోభంగం.

“యాజమాన్యముచే”: తృతీయా విభక్తి. ఇంతకు మించి చెప్పరాదు.

“అంతర్జాతీయ ప్రమాణములతో”: నైయాయికులు ప్రమాణాలు నాలుగన్నారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. ఈ పలకకు నాలుగవది ఒక్కటే ఆధారం. అంతర్జాతీయమని నిస్సందేహంగా చెప్పదగినవి పసుపుపచ్చ గరుకు పలకలు; చూపు లేనివారి పాదానికీ చేతికర్రకూ తెలిసేలా సాగమనడానికి పొడవాటి గీతలూ, ఆగమనడానికి బొడిపెలూ వీటిపై ఉంటాయి. జపానులో సెయిచి మియాకే 1965లో వీటిని రూపొందించగా 1967లో ఒకాయామా నగరంలో తొలిసారి పరిచారు. ఇక్కడ వాటిని నామఫలకం రంగుకు సరిపోతాయని పరచడం వల్ల, సాగమన్న గీతలు తిన్నగా విద్యుత్ స్తంభానికి చేరుస్తాయి. మిగిలిన భాగమంతా నునుపు పలకలే. వాన చినుకు పడగానే వాటిపై పాదం ఏ ప్రమాణానికీ లొంగదు.

“నిర్మింపబడినది”: ఇది కర్మణి ప్రయోగం. కర్త స్థానాన్ని యాజమాన్యం ఆక్రమించుకోవడం వల్ల తాపీ మేస్త్రీకి వాక్యంలో నిలువ నీడ దొరకలేదు; ఆ లోపం పూరించడం వ్యాఖ్యాత ధర్మం. పని నేలనుంచి మొదలవుతుంది. మెత్తని మట్టి తీసివేసి, గట్టి మట్టిని పొరలుగా పోసి తడిపి దిమ్మిస కొట్టి, దానిపై కంకర పరచి అణచిన తరువాతే కాంక్రీటు మాట ఎత్తాలి. పాత గోడలు కూల్చిన రద్దుతో గొయ్యి పూడ్చి పైన పోసిన పలక మొదటి వానకే లోపల డొల్లై కూర్చుంటుంది. ముందుగా దారం కట్టి, మట్టం చూసి కర్బు దిమ్మెలు నిలిపి, వాటి వెనుక కాంక్రీటు ఆనిక ఇస్తారు. పలక రోడ్డువైపు యాభైకి ఒకటి చొప్పున వాలాలి, అంటే 1.8 మీటర్ల వెడల్పుకు 36 మిల్లీమీటర్ల వాలు, నీరు పోవడానికి చాలినంత, నడిచేవాడికి తెలియనంత.

ఇక కాంక్రీటు యతి. వాడుకలో కలిపే నీటిలో కొంత మాత్రమే సిమెంటుతో రసాయన సంయోగం చెందుతుంది, మిగిలినది క్రమంగా ఆవిరైపోతుంది, అలా పోతున్నకొద్దీ పలక కుంచించుకుపోవాలని చూస్తుంది, కింది నేల రాపిడి దానిని కదలనివ్వదు. నొక్కుడును ఎంతైనా ఓర్చుకునే కాంక్రీటు లాగుడును అందులో దాదాపు పదోవంతే ఓర్చుకుంటుంది కాబట్టి, ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. ఆ తెగే చోటును ముందే నిర్ణయించి గాడి పెట్టడమే కాంట్రాక్షన్ జాయింటు, అంటే కుదింపు కీలు. ఉత్పలమాలకు 10వ అక్షరం, చంపకమాలకు 11వది, శార్దూలానికి 13వది, మత్తేభానికి 14వది యతిస్థానమైనట్లే, కాంక్రీటుకు దాని మందానికి 24 నుంచి 30 రెట్ల దూరం యతిస్థానం. 100 మిల్లీమీటర్ల పలకకు 2.4 మీటర్ల నుంచి 3 మీటర్లలోపు గాడి పడాలి, గాడి లోతు మందంలో కనీసం నాలుగోవంతు ఉండాలి, గడులు వీలైనంత చదరంగా రావాలి, రంపంతో కోసేటట్లయితే మొదటి రోజు దాటకముందే కోయాలి. పైపైన గీసిన గీత ప్రాసను చూసి యతి అనుకోవడం వంటిది. గోడ, స్తంభం, మ్యాన్‌హోలు మూత వంటి కదలని వస్తువులను పలక తాకే చోట మెత్తని అట్ట పెట్టి వదిలేది ఎక్స్‌పాన్షన్ జాయింటు. నాటి పని ఆగిన చోట పడేది కన్‌స్ట్రక్షన్ జాయింటు. లాక్షణికులలో కొందరు ఒప్పుకోని అఖండయతిని మాత్రం కాంట్రాక్టర్లు ఏకగ్రీవంగా ఆమోదించి, ఇరవై మీటర్ల పొడవునా గాడి లేకుండా పోసుకుపోతారు. మేస్త్రీ యతి పెట్టని చోట కాంక్రీటే తన యతిని తాను పెట్టుకుంటుంది. లోకులు దానిని పగులు అంటారు.

యతి తరువాత చెప్పదగినది తడి. కాంక్రీటు ఎండి గట్టిపడుతుందన్నది పామరుల భ్రమ. అది తడిలో గట్టిపడుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 (2000) మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటుకుగాని, వేడి పొడి వాతావరణంలోగాని కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడమంటుంది. గోనెపట్టాలు పరచి నీళ్లు కొట్టే ఈ పని తెలుగు నేలపై వైశాఖ జ్యేష్ఠాలలో ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. బలాన్ని తెలుసుకోవడానికి 150 మిల్లీమీటర్ల ఘనాలు పోసి 28 రోజులకు యంత్రంలో నొక్కి చూస్తారు; ఎం20 అంటే అప్పటికి చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు ఓర్చునని అర్థం. ఒక మెతుకు పట్టి అన్నమంతటి ఉడుకును తెలుసుకునే స్థాలీపులాక న్యాయం ఇదే; కాకపోతే ఇక్కడ పట్టి చూసే మెతుకును వేరే కుండలో వండి తెచ్చే ఆచారం కొన్నిచోట్ల ఉన్నది. పరచడానికి సులువుగా ఉంటుందని అదనంగా పోసే ప్రతి బకెట్టు నీరూ బలాన్ని తగ్గిస్తుంది. ఇదంతా తెలిసిన మేస్త్రీలు లేకపోలేదు. మూడవ రోజు ఉదయానికి షట్టరు తెరవాలని, ముహూర్తం దాటిపోతుందని తొందరపెట్టేవారి ముందు ఆ తెలివి పనికిరాదు, అంతే. ఆ తొందరలో పచ్చి పలకపై పడిన కుక్క అడుగులే ఆ కాలిబాటపై ఎవరో నడిచారనడానికి మిగిలే ఏకైక సాక్ష్యం.

ప్రకృతం అనుసరణీయం. రెండవ వాక్యంలోని “మాత్రమే” దేహళీదీప న్యాయంగా, అంటే గడపమీది దీపం లోపలికీ బయటికీ వెలుగిచ్చినట్లు, రెండువైపులా అన్వయిస్తుంది: కస్టమర్ల వాహనాలు మాత్రమే నిలపాలి, వాహనాలు మాత్రమే నిలవాలి.

శంక: పాదచారుల సౌకర్యార్థం కట్టిన చోట వాహనాలు నిలపమనడం స్వవచన వ్యాఘాతం కాదా?

సమాధానం: కాదు. స్కూటరు దిగిన కస్టమరు దుకాణం తలుపు వరకు నాలుగడుగులు నడిచే వేళ పాదచారియే. అతని సౌకర్యార్థం కట్టిన బాటపై అతని వాహనమే నిలుస్తున్నది కాబట్టి వాక్యద్వయానికి ఏకవాక్యత సిద్ధిస్తున్నది. పూర్వాచార్యులెవరికీ ఈ సమన్వయం తట్టలేదు.

మరొక శంక: ఆ నాలుగడుగులు నడవనివాడు, అంటే దుకాణంతో పనిలేక దారినపోయేవాడు, ఎక్కడ నడవాలి?

దీనికి వ్యాఖ్యాతల వద్ద సమాధానం లేదు, న్యాయస్థానం వద్ద ఉన్నది. అడ్డంకులు లేని కాలిబాటను వాడుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టం చేసింది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం తోపుడుబండివాడికి ధ్రువపత్రం ఇచ్చి, ఎక్కడ నిలవాలో చెప్పి, తొలగించేముందు నోటీసు ఇమ్మన్నది. అయినా ఆక్రమణల తొలగింపు అనగానే ముందు కదిలేది అరటిపండ్ల బండి. కదలనివి కాలిబాటపైకి పాకిన మూడు గ్రానైటు మెట్లు. బండిని తోసుకుపోవచ్చు, మెట్లకు చక్రాలు లేవు. పైగా మెట్ల పక్కన పలక ఉన్నది, పలక మీద ఔదార్యం ఉన్నది.

పాఠపరిష్కరణం: నేరమంతా దుకాణాలదే అనడం కూడా న్యాయం కాదు. పాత తారును గీకకుండా దానిమీదే కొత్త తారు పరచడం వల్ల రోడ్డు ఏటికేడు లేస్తుంది, కర్బు మునుగుతుంది, నీరు కాలువలోకి దిగే కన్నం పూడుతుంది, వాననీరు షట్టరు కిందనుంచి లోపలికి వస్తుంది. బెదిరిన దుకాణదారు తన ముంగిలిని మరో అడుగు ఎత్తు చేస్తాడు. సూత్రంపై భాష్యం, భాష్యంపై వార్తికం, దానిపై టిప్పణి పేరుకుని చివరకు సూత్రమే కనిపించనట్లు, తారుమీద తారు, మెట్టుమీద మెట్టు పడి కాలిబాట అడుగున ఉండిపోయింది. దానిని బయటికి తీయడానికి కొత్త పలకలు అక్కరలేదు. పాత తారును గీకే యంత్రం, కూడలినుంచి కూడలికి ఒకే మట్టం, ఆ మట్టాన్ని భవన యజమాని ఇష్టానికి వదలని పురపాలక సంస్థ చాలు.

తాత్పర్యం: సముదాయం వారు తమ స్థలం కానిచోట, తమ కోసం, తమ ఖర్చుతో కట్టుకొన్నదానిని ఇతరులకు దానమిచ్చినట్లు చెక్కించారని భావం. పలక చెక్కించిన డబ్బుతో 1.8 మీటర్ల వాలు ఒకటి కట్టవచ్చు. బిల్లు చెల్లించేముందు సంతకం చేసే ఇంజినీరు చక్రాల కుర్చీలో కూర్చుని ఈ చివరినుంచి ఆ చివరికి ఒకసారి వెళ్లి రావాలన్న షరతు టెండరులో చేర్చితే, ఇకపై ఇటువంటి శాసనాలకు వ్యాఖ్య అవసరం ఉండదు. అంతవరకు రోడ్డు మీద నడిచి వాహనం తగిలినవాడిని అజాగ్రత్తగా నడిచాడని రాసుకోవడం మాత్రం మానాలి. అతడు జాగ్రత్తగానే నడిచాడు. నడవడానికి మిగిల్చిన చోటు అది ఒక్కటే.