అపార్ట్‌మెంట్ మడి

మా అపార్ట్‌మెంట్‌లో మళ్లీ మడి మొదలైంది. తడిబట్టల్లేవు, దండెం మీద పట్టుపంచె లేదు, ‘దూరం, దూరం’ అన్న కేకల్లేవు. కానీ సంక్రాంతికి ఎవరింటికైనా వెళ్లి అరిసెల పొట్లం చేతికిచ్చి చూడండి. అందుకోబోయిన చెయ్యి సగంలో ఆగుతుంది. “బెల్లం ఆర్గానిక్‌దేనాండీ? నెయ్యి నాటు ఆవుదా, జెర్సీదా? వేయించిన నూనె గానుగదా, ప్యాకెట్‌దా?” జవాబు చెప్పేలోపే తీర్పు వచ్చేస్తుంది. “ఏమీ అనుకోకండి, మా ఇంట్లో అందరం క్లీన్ ఈటింగ్.” పొట్లం రెండు వేళ్ల మధ్య వేలాడుతూ కిందికి, వాచ్‌మన్ గదికి వెళ్లిపోతుంది. వాచ్‌మన్ అవి తిని నిక్షేపంగా ఉన్నాడు.

పాత మడిలో ఎన్ని తప్పులున్నా నిలకడ ఉండేది. ఏది ముట్టుకోవచ్చో ఏది కూడదో నాయనమ్మకి కంఠతా వచ్చు. కొత్త మడికి ఆ నిలకడా లేదు. మన తెలుగువాళ్ల సంగతే చూడండి. కొన్నేళ్లు ఉప్పూ నూనే పాపమన్నారు. చప్పిడి కూరలు తిని, మొలకలు నమిలి దవడలు నొప్పెట్టించుకున్నాం. తర్వాత అన్నం పాపమైంది, నూనె పుణ్యమైంది. కొబ్బరినూనె గ్లాసులో పోసుకు తాగి, నిమ్మకాయలు పిండుకుని, పైన మల్టీవిటమిన్ మాత్ర వేసుకున్నాం. ఆ వేడి చల్లారేలోపు కొర్రలూ అరికెలూ సింహాసనం ఎక్కాయి. రాయలసీమ పల్లెలో రాగిసంకటి తింటే పేదవాడు; జూబ్లీహిల్స్‌లో అదే సంకటి తింటే క్లీన్. సంకటిలో మార్పేమీ లేదు, పళ్లెం ధర మారింది.

ఇంతకీ ఈ క్లీన్ ఈటింగ్ అంటే ఏమిటని మూడో అంతస్తు ఇల్లాలిని అడిగాను. “ప్యాకెట్ మీద నోరు తిరగని పేరుంటే తినకూడదు బాబాయ్‌గారూ” అంది. మంచి సూత్రమే. ఆస్కార్బిక్ యాసిడ్ అని రాసి ఉందని పిల్లవాడి జామ్ సీసా పారేసింది. అది విటమిన్ సి. అదే ఇల్లాలు పొద్దున్నే సయనోకోబాలమిన్ మాత్రని ఏ దిగులూ లేకుండా మింగేస్తుంది, మాత్ర డబ్బా మీద ఆకుపచ్చటి ఆకు బొమ్మ ఉంది కాబట్టి.

ఏ చట్టమూ క్లీన్ ఈటింగ్‌ని నిర్వచించలేదు, ఏ వైద్యగ్రంథమూ కొలత పెట్టలేదు. అందుకే ఎవరి క్లీన్ వాళ్లది. తిండి శుభ్రత గురించే రేయింబవళ్లు బెంగపడి చిక్కిపోయే మనుషుల్ని చూసి స్టీవెన్ బ్రాట్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు 1997లోనే ఆ అవస్థకి ఆర్థోరెక్సియా అని పేరు పెట్టాడు. ఇన్‌స్టాగ్రామ్ అప్పటికి పుట్టనే లేదు. ఫ్యాషన్ ఊరేగింపు బయల్దేరకముందే జబ్బు వెళ్లి చౌరస్తాలో నిలబడిందన్నమాట.

పిచ్చి తీసేస్తే మిగిలేది మంచి మాటే, ఒప్పుకోవాలి. ఫ్యాక్టరీలో పుట్టి ప్యాకెట్‌లో పెరిగినవి తగ్గించు, ఇంట్లో వండుకో, పప్పూ ఆకుకూరా పండూ గుడ్డూ మజ్జిగా పెంచు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన 17 సూత్రాల సారం కూడా దాదాపు ఇదే. రోజు మొత్తం కేలరీల్లో ధాన్యం వాటా 45 శాతం దాటకూడదంటుంది. మనం కంచంలో గుట్టగా అన్నం పెట్టి, శిఖరాన పప్పు చెంచాడు పోసి, గోంగూర పచ్చడితో లాగించే జాతి. ఆ మాట మనకి గుచ్చుకోవలసిందే. కానీ పప్పు ఇంకో గరిటె వేసుకోమంటే ఎవడు వింటాడు? అందులో అన్‌బాక్సింగ్ ఏముంది?

అసలు తమాషా ఇక్కడే. కంచంలోంచి ఒక్కొక్కటీ తీసి పారేశాక, ఆ పోయినవాటినే డబ్బాల్లో కొని తెచ్చుకుంటారు. పాలు మానేసి కాల్షియం మాత్ర. ఎండలోకి వెళ్లకుండా డి విటమిన్. పీచున్న కూర మానేసి పీచు పొడి. ఒక జామకాయలో రోజుకి సరిపడా విటమిన్ సి ఉండి ఇంకా మిగులుతుంది. అయినా 500 మిల్లీగ్రాముల బిళ్లని నీళ్లలో వేసి అది బుసబుసలాడుతుంటే భక్తిగా చూస్తారు. ఆ బిళ్లలో ఒంటికి అక్కర్లేని భాగం సాయంత్రానికి బాత్‌రూమ్‌లోకి పోతుంది. మా హుస్సేన్‌సాగర్‌కి పోషకాహార లోపం రాదు గాక రాదు.

నాలుగో అంతస్తు కుర్రాడు లిఫ్ట్‌లో అడిగాడు: “అంకుల్, మీ డైలీ ప్రొటీన్ ఎంత?”

“పప్పు తింటాను నాయనా.”

“గ్రామ్స్‌లో అంకుల్!”

గ్రాముల్లో చెప్పాలంటే, మామూలు పనులు చేసుకునే మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాములు చాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క. 65 కిలోల మగవాడికి సుమారు 54 గ్రాములు. 100 గ్రాముల కందిపప్పులో 22 దాకా, గుడ్డులో 6 దాకా ఉంటాయి. కుర్రాడు జాలిగా చూసి, తన రెండు స్కూపుల ప్రొటీన్ పొడి కథ చెప్పాడు. బిస్కెట్ ప్యాకెట్ మీద చీమల అక్షరాలని ఫోన్‌తో ఫొటో తీసి పెద్దవి చేసి చదివే పిల్లవాడు, బకెట్టంత డబ్బా మీద ఉన్న తీపి మందులూ కృత్రిమ రుచులూ ఒక్కసారి కూడా చదవలేదు. కండలకోసం ప్రొటీన్ పొడులు వద్దని తార్నాక వాళ్లు ఆ 17 సూత్రాల్లోనే రాశారు. ఇక కేరళ వైద్యుల బృందం మన మార్కెట్‌లోని 36 రకాల పొడులు పరీక్షించి 2024లో ఫలితం ప్రకటిస్తే, సుమారు 70 శాతం వాటిలో డబ్బా మీది ప్రొటీన్ లెక్కకీ లోపలి సరుక్కీ పొంతన కుదరలేదు. సప్లిమెంట్ డబ్బా మీద ‘వైద్యానికి వాడేది కాదు’ అని ముద్ర వేయాలన్నది మన ఆహార భద్రత సంస్థ నియమం. కొనేవాడు మందనుకునే కొంటాడు, అమ్మేవాడు మాత్రం తిండి కింద అమ్ముతాడు.

అయితే మాత్రలన్నీ దండగేనా? కాదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ వినండి. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దర్ని పొట్టన పెట్టుకుంది, ఆయన్నీ పీడించింది. ఆ మనిషే అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945 నాటికి తన బృందంతో ఫోలిక్ యాసిడ్‌ని తయారు చేయించాడు. దాని అవసరం ఎక్కడంటే, బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భంలో తొలి నాలుగు వారాల్లోనే మూసుకుపోవాలి. తల్లికి నెల తప్పిందని తెలిసేసరికే చాలాసార్లు పని జరిగిపోతుంది. అంతకుముందు ఆ గొట్టం మూసుకోని లోపంతో బిడ్డను కన్న తల్లుల్లో ఈ మాత్ర ఆ ముప్పుని సుమారు 70 శాతం తగ్గిస్తుందని 1991లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. కాబట్టి బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే ఆ మాత్ర వేసుకోవాలి. పాలూ గుడ్డూ కూడా ముట్టనివాళ్లకి బి12 కావాలి. షుగరుకి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బి12 తగ్గొచ్చు, రక్తపరీక్షలో తెలుస్తుంది. లోపం చూపించి వేసుకుంటే అది వైద్యం. డిస్కౌంట్ కోడ్ చూసి వేసుకుంటే మాత్రం ఫిన్లాండ్ కథ గుర్తుపెట్టుకోవాలి. సిగరెట్ తాగేవాళ్లకి బీటా కెరొటిన్ మాత్రలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని అక్కడ 29,000 మందికి పైగా మగవాళ్ల మీద ప్రయోగం చేశారు. 1994లో లెక్క చూస్తే, మాత్ర వేసుకున్నవాళ్లలో క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. క్యారెట్ ఎవరికీ చెరుపు చెయ్యలేదు, మాత్ర చేసింది.

ఇదంతా మా ఇంట్లో పనిచేసే ఆవిడ దగ్గరికి వచ్చేసరికి తలకిందులైంది. ఆమె బిడ్డ సర్కారు బడిలో తొమ్మిది చదువుతోంది.

“బళ్లె వారానికోపాలి నీలం గోలి ఇస్తున్రు సార్. ఏస్కుంటే కడుపుల తిప్పుతదంటది. నల్లగ పోతదంట. మూడో అంతస్తు మేడమ్‌ను అడిగితే, అయన్ని కెమికల్స్, బంద్ చేయించి బీట్‌రూట్ జ్యూస్ తాపియ్యమన్నది.”

పొద్దున లేస్తే గుప్పెడు మాత్రలతో రోజు మొదలుపెట్టే మేడమ్! దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ నీలం గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితోపాటు 500 మైక్రోగ్రాములు మన సుబ్బారావుగారి ఫోలిక్ యాసిడ్. నిజంగా అవసరమున్న పిల్లకి, నిజంగా అవసరమైన మోతాదు, ఉచితంగా. దానికి సినిమా హీరో ప్రకటన లేదు, ఆకు బొమ్మ లేదు, ధర లేదు. ధర లేకపోవడమే దాని తప్పు.

“ఖాళీ కడుపున వద్దు, అన్నం తిన్నాక వేసుకోమను. నల్లగా పోతే భయం లేదు, అది ఇనుమే. టీ తాగితే గంట ఆగమను” అన్నాను.

తలూపి, సంచిలోంచి పెద్ద నల్లడబ్బా ఒకటి తీసింది. నాలుగో అంతస్తు కుర్రాడు ఇచ్చాడట, పిల్లకి పాలల్లో కలిపియ్యమని. తిప్పి చూశాను. గడువు తేదీ దాటి మూడు నెలలైంది. పొడి పారబోసి, డబ్బా కడిగి ఎండబెట్టి, అందులో కందిపప్పు పోసుకొమ్మన్నాను. మూత మాత్రం గట్టిది, పురుగు పట్టదు.