ముప్ఫై మూడు కొసరు

మొన్న ఆదివారం మా బావమరిది వచ్చీ రాగానే, మంచినీళ్ళు కూడా తాగకుండా, టీవీ పక్కనున్న మా రూటర్ మీదకు వంగి, "బావా, నువ్వింకా అయిదులోనే ఉన్నావా?" అన్నాడు. పదో క్లాసు మూడుసార్లు తప్పినవాణ్ణి పలకరించే గొంతు. వాడు ఏడుకి వెళ్ళిపోయాడట. వాడి ఆఫీసులో సగంమంది వెళ్ళారట. మిగతా సగం పండగ ఆఫర్ల కోసం ఆగారట.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఈపాటికి ఎవరో ఒకరు ఏడుకి వెళ్ళే ఉంటారు. 2018 దాకా ఈ వైఫై తరాలకు 802.11 ఏసీ, ఏఎక్స్ అని నోరు తిరగని ఇంటిపేర్లుండేవి. జనం తికమక పడుతున్నారని వైఫై అలయెన్స్ వాళ్ళు నాలుగు, అయిదు, ఆరు అని అంకెలిచ్చారు. మంచిపనే. కానీ అంకె కనపడితే మనం దాన్ని క్లాసు అనుకుంటాం, పక్కవాడు పై క్లాసుకు పోతే మనకు నిద్రపట్టదు.

"ఏం మారిందిరా?" అన్నాను.

"స్పీడు బావా!"

వాడింట్లో ఫైబర్ ప్లాను 30 ఎంబీపీఎస్. నెలకు 399 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ. ఆరు వేలకు పైగా పోసి తెచ్చిన రూటర్ పెట్టె మీద మాత్రం 3600 అని ఉంది. బిందెడు నీళ్ళొచ్చే మునిసిపల్ కుళాయి కింద నాగార్జునసాగర్ కట్టుకున్నాడన్నమాట.

పోనీ, ఆ ఏడు అయినా ఏడేనా? ఏడుకున్న గొప్పలో పెద్ద వాటా 6 గిగాహెర్ట్జ్ అనే కొత్త బాటలో, అక్కడ దొరికే 320 మెగాహెర్ట్జ్ వెడల్పులో ఉంది. ఆ బాటలో కింది భాగాన్ని లైసెన్సు లేకుండా వాడుకోనిస్తామని ప్రభుత్వం 2025 మేలో ముసాయిదా నిబంధనలు బయటపెట్టినప్పటి నుంచే ఈ పూనకం ముదిరింది. వాడు తెచ్చినదాంట్లో ఆ బాటే లేదు. 3600 రకంలో ఉండేవి పాత దారులే, 2.4, 5. చింతపండు వెయ్యని పులిహోర. పసుపు మాత్రం దండిగా పడింది.

అసలు నా మంట ఏడు మీద కాదు. పెట్టె మీదున్న ఆ అంకె మీద.

నా రూటర్ పెట్టె మీద 1200 అని ఉంది. ఎక్కడిది ఈ పన్నెండు వందలు? 2.4 దారిలో కాగితం మీద వచ్చే వేగం 300. 5 దారిలో కాగితం మీద వచ్చేది 867. రెండూ కలిపితే 1167. మిగతా 33? కొసరు! కూరగాయల బండి దగ్గర కొసరు కొనేవాడికి వేస్తారు. ఇక్కడ అమ్మేవాడు తన అంకెకు తానే వేసుకున్నాడు. 3000 అని రాసే రకంలో 574, 2402 కలిపితే 2976. కొసరు 24. మా బావమరిది 3600లో 688, 2882 కలిపితే 3570. కొసరు 30. పెట్టె పెద్దదవుతున్నా చెయ్యి చల్లగా ఉందని సంతోషించాలి కాబోలు.

కొసరు పోనివ్వండి, అసలు ఆ కూడిక ఏమిటి? పల్లెవెలుగు గంటకు 40 పోతుంది, ఎక్స్‌ప్రెస్ 60 పోతుంది, కాబట్టి మా బస్సులు గంటకు వంద పోతాయని ఆర్టీసీ వాళ్ళు బస్టాండులో బోర్డు పెడితే కండక్టర్‌ని బతకనిస్తామా? ఎక్కేది ఒక బస్సేగా! ఫోన్ కూడా అంతే, 2.4 అయినా ఎక్కుతుంది, 5 అయినా ఎక్కుతుంది. (ఏడులో రెండూ కలిపి వాడే ఏర్పాటుందని మా బావమరిది గుర్తుచేశాడు. ఉంది, ఫోన్ కూడా ఏడైతే. వాడి ఫోన్ కొని నాలుగేళ్ళయింది.)

సరే, ఒక బస్సే ఎక్కాం. ఆ 867 అయినా వస్తుందా? అది రావాలంటే రూటర్‌కీ ఫోన్‌కీ రెండేసి యాంటెన్నాలుండాలి. చవక ఫోన్లలో చాలావాటికి ఒకటే ఉంటుంది. వెంటనే 433కి దిగింది. అదైనా రూటర్‌ని ఒళ్ళో పెట్టుకుంటేనే. గాలిలో ఒకరు మాట్లాడుతుంటే మిగతా అందరూ నోరు మూసుకోవాలి, ఆ మాట్లాడేది మన టీవీ అయినా, అదే చానెల్లో ఉన్న పక్కింటి రూటర్ అయినా. అలా వంతులేసుకోగా, మధ్యలో మర్యాదలకు పోయేది పోగా, చేతికందేది అందులో సగం, ఇంకొంచెం.

ఇక ఆ 300 సంగతి. అది రావాలంటే 40 మెగాహెర్ట్జ్ వెడల్పు కావాలి. 2.4 దారిలో ఒకదాన్నొకటి తొక్కుకోని చానెళ్ళే మూడు, 1, 6, 11. మా అపార్ట్‌మెంట్‌లో ఫోన్ తెరిస్తే ఇరవై మూడు వైఫై పేర్లు కనిపిస్తాయి, అందులో ఒకడి పేరు 'పాస్‌వర్డ్ అడగొద్దు'. ఇంత రద్దీలో 40 వెడల్పున పరుచుకుంటానంటే ఎవరూరుకుంటారు? సగానికి ముడుచుకోవాలి. అప్పుడు కాగితం మీద కూడా మిగిలేది 144.

ఇదంతా నాకు పుట్టుకతో రాలేదు, డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఎనిమిది నెలల కిందట పిల్లల క్లాసులనీ, మా ఆవిడ సీరియళ్ళనీ ప్లాను 200కి పెంచాను. ఎప్పుడు చూసినా 94. పొద్దున్నా 94, అర్ధరాత్రీ 94. ఆర్నెల్లపాటు కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి తిట్టాను. వాడు మూడుసార్లు వచ్చి వైరు మార్చాడు. నాలుగోసారి వచ్చి, రూటర్‌ని వెనక్కి తిప్పి, కింద స్టిక్కర్ మీద చీమతలకాయలంత అక్షరాలు చూపించాడు. పోర్టులు, 10/100. "సార్, ఈ బొక్కలోంచి వందకు మించి దూరదు" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే నాకు తలెత్తాలనిపించలేదు.

ముందు 1200 అని తాటికాయంత రాశారు. వెనక 100 బొక్క పెట్టారు. పన్నెండు వందలట! ఆ డబ్బాలోకి ఇంటర్నెట్ వచ్చేది ఆ బొక్కలోంచే. బొక్క చేసినవాడికి తెలుసు, ముద్ర వేసినవాడికి తెలుసు, అమ్మినవాడికి తెలుసు. కొనేవాడికి తప్ప అందరికీ తెలుసు. బిస్కెట్ ప్యాకెట్ మీద 50 గ్రాములని వేసి 40 పెడితే తూనికలు, కొలతల శాఖ వాళ్ళు కేసు రాస్తారు. పెట్రోలు బంకులో లీటరుకు కాస్త తగ్గితే పంపుకి సీలు వేస్తారు. పన్నెండు వందలని వేసి వంద బొక్క పెట్టినవాణ్ణి అడిగే నాథుడు లేడు, ఎందుకంటే పక్కన 'వరకు' అని ఒక మాట, దానికో చుక్క గుర్తు ఉంటాయి. ఆర్నెల్లు 200 ప్లానుకు కట్టిన డబ్బు నాది. తిట్లు తిన్నది పదిహేను వేల జీతానికి స్తంభాలెక్కే కుర్రాడు. ఆ చుక్క పెట్టినవాడికి మాత్రం ఒక్క ఫోనూ వెళ్ళలేదు. ఎలా వెళ్తుంది, వాడి నంబరు పెట్టె మీద ఉంటేగా!

మిగతావి ఒక్కో ముక్కలో చెప్పేస్తాను. తిరగబడ్డ సాలీడులా ఎనిమిది కాళ్ళున్న గేమింగ్ రూటర్లో ఎర్రలైటు తప్ప మా వాడి ఆటను గెలిపించేదేదీ లేదు. మూడు వేల చదరపు అడుగులకు సిగ్నల్ అంటారు, ఆ కొలత తీసినవాడు తొమ్మిదంగుళాల ఇటుక గోడనూ స్టీలు బీరువానూ చూడలేదు. రూటర్‌ది అగ్ని తత్వమనీ, ఆగ్నేయంలోనే పెట్టాలనీ మా పెద్దత్తయ్య అంటుంది. ఆగ్నేయంలో మాకు వంటిల్లు, వంటింట్లో ఫ్రిజ్. నడింట్లో, నిలువెత్తున పెడితే చాలని చెబితే ఖర్చులేని సలహా కాబట్టి ఎవరూ వినరు. ఫైబర్‌తో పాటు వాళ్ళిచ్చిన డబ్బాలోనే వైఫై ఉంటుంది, దాన్ని చెప్పుల స్టాండు మీంచి హాల్లోకి జరిపితే సగం ఇళ్ళకు కొత్తదే అక్కర్లేదు.

నాకు మాత్రం అవసరం పడింది, మా బావమరిది చెప్పిన కారణానికి కాకపోయినా. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీకి వెళ్ళాను. జేబులో రెండున్నర వేలు. కొట్టతను ముందు ఏడు తీశాడు, తర్వాత ఆరు, తర్వాత నా చొక్కా వైపు చూసి అయిదు. "అంకె వద్దు, వెనకవైపు చూపించండి" అన్నాను. పెట్టెను తిప్పి తిప్పి, చివరికి 10/100/1000 అని రాసున్న చోట వేలు పెట్టాడు. రెండు దారులు, నాలుగు యాంటెన్నాలు, అన్ని పోర్టులూ వెయ్యే. పెట్టె మీద మళ్ళీ అదే 1200.

"ఇందులో 33 తక్కువుంది, తెలుసా?" అన్నాను. బేరమాడుతున్నాననుకున్నట్టున్నాడు. డ్రాయరు లాగి, రెండు మీటర్ల నెట్ కేబుల్ ఒకటి పెట్టెలో పడేసి, "కొసరు, తీసుకోండి సార్" అన్నాడు.

ఇంటికొచ్చి, ఆ కేబుల్ కొసన ఉన్న గాజులాంటి ప్లగ్గుని లైటుకు అడ్డం పెట్టి చూశాను. వంద దాటాలంటే లోపల ఎనిమిది తీగలుండాలి.

లెక్కపెట్టాను. నాలుగున్నాయి.