అప్‌డేట్ స్వామివారి మహిమలు

స్వామీ, సొంత విమానాలున్న అమెరికా దొరలకే నీ దర్శనభాగ్యం అనుకున్నాం ఇన్నాళ్లూ. ఫలానా తేదీలోగా ఆటోపైలట్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించకపోతే విమానం ముట్టుకోవద్దని కాగితం వస్తుందట. ఆ కాగితం పట్టుకుని అంతటి దొరా వర్క్‌షాపు ముందు చేతులు కట్టుకుని నిలబడతాడట. మా సూర్యాపేటలో రన్‌వే లేదు. ఉన్నదల్లా 65వ నంబరు జాతీయ రహదారి, దానిమీద ఎగిరేవి విజయవాడ బస్సులు. నీ సేవ మాకు తప్పిందని సంబరపడ్డాం. మా భక్తిలో లోపం ఉంది గానీ నీ దయలో ఏ లోపమూ లేదు. డ్రోన్ రూపం ఎత్తి మా వరిమడిలోకే దిగావు.

సాగర్ ఎడమకాలువ కింద మిర్యాలగూడ, కోదాడ రైతులకు డ్రోన్ ఇప్పుడు వింత కాదు. పది లీటర్ల ట్యాంకు, చుట్టూ ఫ్యాన్లు. పొలం హద్దులు మ్యాపులో గుర్తు పెడితే పైరుమీద రెండు మూడు మీటర్ల ఎత్తున ఈ చివర నుంచి ఆ చివరకు తనే తిరుగుతుంది. మందు అయిపోతే ఎక్కడ ఆపిందో గుర్తుపెట్టుకుని వెనక్కి వస్తుంది. నింపి పంపితే అక్కడి నుంచే అందుకుంటుంది. ఎకరానికి పది నిమిషాలు చాలు. రిమోట్ పిల్లవాడి చేతిలో ఉంటుంది గానీ నడిపేది లోపలున్న ఆటోపైలట్. చట్టం కూడా దీన్ని విమానాల జాతిలోనే కలిపింది. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నియమాల ప్రకారం దీనికో గుర్తింపు సంఖ్య కావాలి, నడిపేవాడికి పైలట్ సర్టిఫికెట్ కావాలి. బొలెరో వెనక తాళ్లతో కట్టుకుని తెచ్చే యంత్రానికి ఇంత గౌరవం దక్కాక, స్వామీ, నీ రాక తప్పుతుందా?

నీ లీలల్లో నాకు బాగా నచ్చింది సమయపాలన. యాసంగి అయిపోయి డ్రోన్ షెడ్డులో దుమ్ము పట్టినన్నాళ్లూ నీ జాడ ఉండదు. వరి పొట్టకొచ్చి, ఆకుమీద అగ్గితెగులు మచ్చలు కనబడి, రైతుకు రాత్రి నిద్రపట్టకపోతే, తెల్లారి ఆరింటికి నువ్వు మేల్కొంటావు. మందు కొట్టడానికి మంచి వేళ అదే, గాలి ఉండదు. అప్పటికే డ్రమ్ములో నీళ్లు పోసి, మందు కలిపి, నాజిళ్లు మూసుకుపోకుండా పాత చీరగుడ్డతో వడకట్టి ఉంచుతారు. బ్యాటరీ బిగించి రిమోట్ ఆన్ చేస్తే తెరమీద ఇంగ్లిషులో నీ అక్షరాలు: కొత్త వెర్షన్ వచ్చింది, ఎక్కించుకుంటేనే మోటార్లు తిరుగుతాయి. కింద ఒకటే బటన్, 'ఇప్పుడే' అని. 'తర్వాత' అనే బటన్ పెట్టి మా మనసు చలింపజేయకపోవడం నీ కరుణ.

"ఏమైంది తమ్మీ, లేస్తలేదా?"

"అప్‌డేట్ అడుగుతున్నది పెద్దయ్యా."

"అడిగితే ఇచ్చి పడెయ్యరాదు, ఎంతంట?" అని పెద్దాయన జేబులో చెయ్యి పెట్టాడు.

ఎంత అమాయకత్వం! నువ్వు పైసలకు లొంగే దేవుడివా? నీకు సిగ్నల్ కావాలి. కాలువగట్టు మీద ఒక గీత వస్తుంది, ట్రాక్టరెక్కి ఫోను పైకెత్తితే రెండు. ఫోను హాట్‌స్పాట్‌తో సగం దాకా దిగి ఆగిపోతావు, మళ్లీ మొదటికొస్తావు. చివరికి కరుణించాక దిక్సూచి సరిచెయ్యమంటావు. అప్పుడిద్దరు మనుషులు యంత్రాన్ని పొట్టకానించి ఎత్తుకుని, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి మడిగట్టుమీద గుండ్రంగా తిరగాలి. గుళ్లో ఆత్మప్రదక్షిణకైనా ఇంత బరువు మొయ్యం. ఇదంతా అయ్యేసరికి తొమ్మిది దాటి గాలి లేస్తుంది. ఇక కొడితే మందు పక్కవాడి చేనుకు పోతుంది. డ్రమ్ములో కలిపిన మందు రేపటికి పనికిరాదు. పక్కమడిలో తైవాన్ పంపు వీపున తగిలించుకున్న మనిషి తాడు లాగి స్టార్ట్ చేసి, రెండెకరాలు ముగించి, మొహం కడుక్కుంటూ మనల్ని చూస్తుంటాడు. పాపం, అతని పంపుకు నీ అనుగ్రహం లేదు.

అన్ని కంపెనీల యంత్రాలూ ఇలా చెయ్యవు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే పుణ్యం కట్టుకున్నవాళ్లు లోకంలో ముందునుంచీ ఉన్నారు. డీజేఐ అనే చైనా కంపెనీ 2017లో తన స్పార్క్ డ్రోన్లకు సెప్టెంబర్ 1 గడువు పెట్టి, ఆలోగా అప్‌డేట్ చెయ్యకపోతే అవి లేవవని ముందే చెప్పేసింది. అది గడువైనా ఇచ్చింది.

నిన్ను ఏమన్నా అంటే నీ భక్తులు ఒకటే మాట చెబుతారు: ప్రాణాలతో చెలగాటమా? కాదు. ఆకాశం ఎంత నిర్దయో మాకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో సాగర్ దగ్గర ఎగిరిన శిక్షణ విమానం పెద్దవూర మండలంలో కూలి, నేర్చుకుంటున్న ఒక అమ్మాయి చనిపోయింది. బోయింగ్ 737 మ్యాక్స్ సంగతి లోకానికంతటికీ తెలుసు. 2018 అక్టోబర్‌లో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో కలిపి 346 మంది పోయారు. దాన్ని నువ్వే బాగు చేశావు, 2020 నవంబర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలని ఆదేశమిచ్చాకే అది మళ్లీ ఎగిరింది. అంతకుముందు ఆ విమానాల ముక్కును కిందికి తోసింది కూడా సాఫ్ట్‌వేరే అని కొందరు గుర్తుచేస్తారు. సృష్టి, లయ రెండూ నీవే కదా!

ఇంకో మహిమ 2025 నవంబర్ చివర్లో చూశాం. ఎయిర్‌బస్ ఏ320 రకంలో తీవ్రమైన సౌరకిరణాలకు ఒక కంప్యూటర్ లెక్క తప్పవచ్చని తేలి, ప్రపంచమంతా కలిపి ఆరువేల దాకా విమానాలకు తక్షణ మరమ్మతు చెప్పారు. మన దేశంలో ఇండిగో, ఎయిరిండియా, ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌లవి 338. వాటిలో చాలావాటికి చేసిన వైద్యం ఏమిటి? కొత్త వెర్షన్ తీసేసి పాతది ఎక్కించడం! ఎందుకో కారణం చెప్పారు, ఆదేశం అందరూ చదివేలా బయటపెట్టారు, వెనక్కి వెళ్లడానికి పాత వెర్షన్ దాచి ఉంచారు. అదంతా పెద్ద విమానాలకు చేసే లాంఛనం. పది లీటర్ల మా డ్రోన్‌కు పాతదానికి తిరిగిపోయే దారి మూసేశావు. కారణం అడిగితే, కొన్ని లోపాలు సరిచేశాం, పనితీరు మెరుగుపరిచాం అంటావు. ఆ లోపాలతోనే నిన్న ఎన్నెకరాలు కొట్టామో చెప్పవు.

ప్రభుత్వాన్ని ఆలస్యానికి తిట్టుకుంటాం గానీ, నీ ముందు అది ఎంత వెనకబడిందో చూడు. అనుమతి లేనిదే లేవకుండా చేసే ఏర్పాటు, హద్దు దాటకుండా కంచె, ఇలాంటి భద్రతా సదుపాయాలు తప్పనిసరి చేస్తే, అమర్చుకోవడానికి కనీసం ఆరు నెలల గడువిస్తామని 2021 నియమాలప్పుడే మాటిచ్చింది. ఢిల్లీలో ఉన్నవాళ్లకు ఆరు నెలల ఓపిక ఉంది. నీకు ఒక పొద్దు ఓపిక లేదు.

నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘానికి డ్రోన్ ఖరీదులో 80 శాతం, ఎనిమిది లక్షలు మించకుండా, కేంద్రం ఇస్తుంది. పదిహేను రోజుల శిక్షణ ఇస్తుంది. మిగిలిన సొమ్ము అప్పు. వాయిదా మాత్రం ఏ అప్‌డేట్ కోసమూ ఆగదు, నెల తిరగ్గానే లేస్తుంది. పొద్దున్నే మూడు ఊళ్లకు ఒప్పుకుని ఒక్క మడీ తడపలేని ఆపరేటర్‌కు ఆ రోజు కిరాయి ఎవరిస్తారు? నిర్మోహివి, అలాంటి లెక్కలు నీ దాకా రావు.

కాబట్టి డ్రోన్ కొనబోయే సంఘాల అక్కలకూ, అద్దెకు తిప్పే తమ్ముళ్లకూ ఒక మాట. రేటు బేరమాడినంత గట్టిగా దీన్నీ బేరమాడండి. ప్రాణాపాయం ఉంటే తప్ప సీజన్లో యంత్రాన్ని ఆపకూడదు. వద్దనుకుంటే పాత వెర్షన్‌కు వెళ్లే వీలుండాలి. ఏం మారిందో తెలుగులో చెప్పాలి. ఆగిన రోజు నష్టం ఎవరిదో తేలాలి. సంతకానికి ముందే ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. అదంతా కంపెనీ చూసుకుంటుందని డీలర్ అంటే, ఆ కంపెనీ మనిషి నంబరు తీసుకుని, మర్నాడు పొద్దున ఆరింటికి ఎత్తుతాడో లేదో ఒకసారి ఫోన్ చేసి చూసి, ఆ తర్వాత అడ్వాన్సు కట్టండి.