సారుకు సెలవు, స్కాలరుకు కొలువు

మా మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఎండలు ముదిరాయంటే రెండు జరిగి తీరతాయి. మామిడి మండీకి దిగుతుంది, పీహెచ్‌డీ గైడు గారు సెలవు మీద ఊరికి బయలుదేరతారు. పోయేవారు ఊరికే పోరు. స్కాలరును పిలిచి, "ఏమప్పా, నిజమైన పరిశోధకుడికి ఎండాకాలమనేది ఉండదు. నేనొచ్చేసరికి రెండు చాప్టర్లు బల్ల మీద ఉండాల" అని ఉపదేశించి మరీ పోతారు.

ఈ ఉపదేశానికి కాగితం బలం కూడా ఉంది. యూజీసీ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నిబంధనల ప్రకారం ఫెలోకు ప్రభుత్వ సెలవులు కాక ఏడాదికి 30 రోజులు, అదీ సంస్థ ఒప్పుకుంటేనే. వేసవి, శీతాకాలం, పూజా సెలవులు అతనికి వర్తించవు. పాఠం చెప్పేవాళ్లు ఎండకు కరిగిపోతారు, పరిశోధన చేసేవాళ్లు కరగరని ఢిల్లీలో ఎవరో తేల్చినట్టున్నారు. దీంతో నాకు పెద్ద పేచీ లేదు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. పన్నెండు నెలలూ డబ్బిచ్చేవాడు పదకొండు నెలల పని అడిగితే న్యాయమే. (ఆ డబ్బు నెలనెలా పడుతుందా అన్నది వేరే పురాణం.) పేచీ ఎక్కడంటే, ఫెలోషిప్ మొహమే చూడనివాడికి కూడా ఇదే రూలు తగిలించడం దగ్గర. 37,000 నీకు వర్తించదు నాయనా, సెలవు లేకపోవడం మాత్రం వర్తిస్తుంది!

ఇలాంటి గైడ్ల కలలోని స్కాలరు ఎలా ఉంటాడో చూడాలంటే పుంగనూరు ఆవును చూడండి. మూడడుగుల ఎత్తు, పిడికెడు మేత, చిక్కటి పాలు. కాకపోతే ఆ ఆవును ఈమధ్య జనం ఇళ్లలో ముద్దుగా పెంచుకుంటున్నారు.

సరే, వేసవంతా స్కాలరు పరిశోధనే చేస్తాడా అంటే, దానికి తీరికెక్కడిది? పరీక్షల డ్యూటీ, మార్కుల ఎంట్రీ, సారు పుస్తకానికి ప్రూఫులు, సారు కూతురి పెళ్లి పత్రికల మీద అడ్రసులు. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేసేవాడి సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. యాజమాన్యం అతనికి అడ్మిషన్ల టార్గెట్ ఇస్తుంది. మిట్టమధ్యాహ్నం తలకు తువ్వాలు చుట్టుకుని, బండి మీద పల్లె పల్లె తిరిగి, ఇంటరు రాసిన పిల్లల ఇళ్ల ముందు ఆగి, "అమ్మా, మా కాలేజీలో బస్సు ఉంది, ప్లేస్‌మెంట్లు ఉన్నాయి" అని చెప్పుకోవాలి. లోపల్నుంచి "మేం కొనేది లేదు, పోప్పా" అని వినబడుతుంది. ఇతని పరిశోధనాంశం కృత్రిమ మేధ.

నిజంగా వేసవిలోనే పని ఉండే వాళ్లకు ఇంకో తమాషా. జానపద విజ్ఞానం మీద పరిశోధించే పిల్లకు కుప్పం తిరుపతి గంగమ్మ జాతరకు మించిన గ్రంథాలయం ఏముంది? అది జరిగేది మే నెలలో. టమాటా ధరల మీద రాసేవాడు తెల్లవారుజామునే మదనపల్లె మార్కెట్లో, క్రేట్ల మధ్య, వేలంపాట వింటూ ఉండాలి. వీళ్లిద్దరూ ఆ వేళకు డిపార్ట్‌మెంటులో ఉంటారు. ఎందుకంటే హాజరు రిజిస్టరు అక్కడుంది. జాతరకు పోతానంటే, "పండగలకు తిరిగితే థీసిస్ అయినట్టే" అంటారు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గడువు మామూలుగా ఆరేళ్లు. అంటే ఆరు జాతరలు. ఒక్కటీ చూడకుండానే జాతర మీద డాక్టరేటు పుచ్చుకోవచ్చు.

తీరిగ్గా కూర్చున్నా పని జరుగుతుందనడానికి మా మదనపల్లెలోనే సాక్ష్యం ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు దక్షిణాది పర్యటన మధ్యలో మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో కొద్దిరోజులు ఆగారు. హాయిగా కూర్చుని జనగణమన పాడి వినిపించారు. అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాసుకున్నారు. ఇదే ఇప్పుడైతే, ముందు బయోమెట్రిక్ వేశారా అని అడిగేవారు. ఆపైన ప్రగతి నివేదికలో "పని: ఒక పాట, అదీ పాతదే, అనువాదం మాత్రమే" అని రాసి, అసంతృప్తికరం అని ముద్ర కొట్టి, గడువు పొడిగింపుకు ఫీజు కట్టమనేవారు.