గీత పడకూడని కొండ సైకిలు

కొండలెక్కడానికి చేసిన సైకిలుకు గులకరాయి తగలరాదు. ఈ కొత్త మడి ఇప్పుడు నందికొట్కూరు దాకా వచ్చింది. లావు టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగు, డిస్కు బ్రేకులు... రాళ్లూ రప్పలూ తొక్కుకుంటూ పోవడానికే పుట్టిన బండి అది. ఇంటికి తెచ్చిన రోజు ఆసామి చేసే మొదటి పని, కంపెనీ చుట్టి పంపిన ఫోమూ పాలిథీనూ విప్పకపోవడం. రెండో పని, దాని మీద ఇంకో పొర చుట్టడం. "కవరు ఇంగా ఇప్పలేదేమప్పా?" అని పటేల్ సెంటర్లో ఎవరైనా అడిగితే జవాబు సిద్ధం: "గీతలు పడ్తాయి గదన్నా!"

మడిలోనూ తరగతులున్నాయి. డబ్బు తక్కువున్నవాడు అట్టపెట్టెలకు వేసే టేపుతో ఫ్రేమంతా చుడతాడు. కొంచెం ఉన్నవాడు రెగ్జిన్ తొడుగు కుట్టిస్తాడు. ఫోనులో వీడియోలు చూసి జ్ఞానోదయమైనవాడు మాత్రం గొట్టాల కొలతకు కత్తిరించిన పారదర్శక ఫిల్ము తెప్పిస్తాడు. ఆ ఫిల్ము వంశం చిన్నదేం కాదు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా హెలికాప్టర్ల రెక్కల అంచులను ఇసుక కొరికేస్తుంటే, వాటిని కాపాడటానికి వచ్చిన పాలియురెథేన్ టేపు సంతానమది. సైకిలువాళ్లు నేటికీ దాన్ని హెలికాప్టర్ టేపనే పిలుస్తారు. అక్కడ నిమిషానికి వందల చుట్లు తిరిగే రెక్క. ఇక్కడ ఆత్మకూరు రోడ్డులో టీకొట్టు దాకా వెళ్లొచ్చే సైకిలు.

ఫిల్ము మీదా నమ్మకం కుదరనివాళ్లకు సెరామిక్ కోటింగ్ ఉంది. సీసా మీద '9హెచ్ కాఠిన్యం' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. వజ్రం పది కదా, ఇది తొమ్మిదన్నమాట అని కొనేవాడు మురిసిపోతాడు. అమ్మేవాడు ఆ మురిపాన్ని చెడగొట్టడు. వజ్రానికి పది మార్కులేసిన కొలత 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రజ్ఞుడు పెట్టింది. సీసా మీది తొమ్మిదికీ దానికీ చుట్టరికం లేదు. 9హెచ్ పెన్సిలుతో గీసినా గీత పడలేదని మాత్రమే దానర్థం. బడిపిల్లలు వాడే హెచ్‌బీ పెన్సిలు జాతిదే, కాకపోతే బాగా గట్టిది. నల్లమలలో దండిగా ఉన్నది క్వార్ట్‌జైటు, మోస్ లెక్కలో ఏడు. బైర్లూటి దాటాక టైరు కింద నుంచి ఎగిరే రాయికి, ఈ సైకిలు పెన్సిలు పరీక్ష ప్యాసైందని ఎవరు చెప్పాలి?

ఇంత మడి ఎందుకంటే, పెయింటు పోతే ఫ్రేము పాడైపోతుందట. ఈ గేరు సైకిళ్లలో చాలావాటి ఫ్రేము అల్యూమినియం. దానికి ఉక్కులా తుప్పు పట్టదు. పెయింటు లేచిన చోట గాలి తగలగానే సన్నని ఆక్సైడు పొరను తనంతట తానే కప్పుకుంటుంది, అదీ ఉచితంగా. ఉక్కు ఫ్రేముకు తుప్పు భయం నిజమే. దానికి గోళ్లరంగు ఒక చుక్క చాలు. అల్యూమినియం ఫ్రేము పగిలేది ఎక్కువగా వెల్డింగుల దగ్గర. ఆ పగులు మొదట వెంట్రుకంత గీతలా పెయింటు మీదే బయటపడుతుంది. గీతలు కనబడకూడదని రెగ్జిన్ కుట్టించుకున్నవాడికి, చూడాల్సిన ఆ ఒక్క గీతా కనబడదు.

కాపాడాల్సిన చోట్లు లేకపోలేదు. గొలుసు ఎగిరెగిరి కొట్టే వెనక గొట్టం ఒకటి, కేబుళ్లు రాసుకునే మెడ ఒకటి. పంక్చరు షాపులో పారేసిన పాత ట్యూబు ముక్కతో రెండూ తీరిపోతాయి. అడిగే తీరు బాగుంటే అది కూడా ఊరికే ఇస్తారు. అయితే ఊరికే వచ్చినదాన్ని పదిమందికి చూపించుకోవడం ఎలా?

సీమ నేల మీద సైకిలుకు అసలు శత్రువు పెయింటు జోలికే రాదు. పల్లేరు కాయ, తుమ్మ ముల్లు నేరుగా టైరులో దిగుతాయి. ఫ్రేము మీద వేలు పోసినవాడి దగ్గర ప్యాచీ ఉండదు, గాలి పంపు ఉండదు, గొలుసు చుక్క నూనెకు మొహం వాచి కిరకిరలాడుతుంటుంది. మచ్చలేని సైకిలును మల్యాల నుంచి నెట్టుకుంటూ రావడంలో ఒక హుందాతనం ఉందేమో మరి.

కొండ సైకిలు ఆటకు ఊపు తెచ్చినవాళ్లు వేరే రకం. 1976 అక్టోబరు 21న కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కొండదారిలో రీప్యాక్ పోటీ మొదలైంది. చాలామంది తొక్కినవి 1930, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్లు. కింద దిగేసరికి వెనక హబ్బు కాలి లోపలి గ్రీజు పొగైపోయేది. ఆ మంటలో పెయింటు గురించి ఆలోచించే తీరిక వాళ్లకు దొరికి ఉండదు.

ఇక్కడ మంట పైనుంచి వస్తుంది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండకు చౌక ఫిల్ము పసుపెక్కుతుంది. అంచుల్లో జిగురు కారుతుంది, దానికి రోడ్డు దుమ్మంతా అంటుకుని నల్లచారలు తేలతాయి. విసుగొచ్చి పీకితే అక్కడక్కడ పెయింటు దాంతోపాటే వస్తుంది. మిగిలిన చోట, మూసి ఉంచిన రంగు ఒక తీరు, ఎండకు వెలిసిన రంగు ఒక తీరు. దీనికీ బజారులో మందుంది. ఫ్రేమంతా కప్పేసే రంగుల స్టిక్కరు దొరుకుతుంది. దాని మీద గీతలు పడకుండా వేసే ఫిల్ముకు ధర వేరే.